చింతతోపులో వైఫై: తలకి ముప్పై నాలుగు రూపాయల లెక్క

శనివారం పొద్దు వాలేటప్పుడు బెంగళూరు నుంచి వచ్చి కారు దిగిన కుటుంబం మొదట బాత్రూమ్ ఎక్కడని అడుగుతుంది. ఆ తర్వాత మంచినీళ్లు. మూడో ప్రశ్న ఈ మధ్య అందరి నోటా ఒక్కటే: "వైఫై ఉందా అన్నా?" ఉందంటే దాని వెనకే నాలుగోది: "ఊరికేనా, దుడ్డు కట్టాల్నా?"

నాలుగో ప్రశ్నకు చాలామంది తోచిన జవాబు చెప్పేస్తారు. పక్క లాడ్జివాళ్లు యాభై తీసుకుంటున్నారని కొందరు యాభై అంటారు. పోనీలెమ్మని కొందరు ఊరికే ఇచ్చి, నెల తిరిగేసరికి ఆ డబ్బు ఎక్కడి నుంచి పోతోందో తెలియక తికమకపడతారు. చేతిలో నాలుగైదు అంకెలుంటే ఇందులో తికమకపడాల్సింది ఏమీ లేదు. ఆ అంకెలే ఇక్కడ ఒకటొకటిగా పేరుస్తున్నాను.

ముందు చోటు. పటంలో మడకశిర వైపు చూస్తే ఆంధ్రప్రదేశ్ ముక్క ఒకటి కర్ణాటకలోకి చొచ్చుకెళ్లినట్టు కనిపిస్తుంది. ఉత్తరాన పావగడ, పడమర శిరా, దక్షిణాన మధుగిరి. మూడూ తుమకూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4 దాకా అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా వాన మారలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే పీఠభూమి ఇది. చూడటానికి మాత్రం కొదవ లేదు. మడకశిర కొండకోట ఉంది, రొళ్ల మండలంలో రత్నగిరి కోట ఉంది. అమరాపురం మండలం హేమావతిలో నొళంబుల రాజధాని నాటి గుళ్లున్నాయి. హిందూపురం దాటి పోతే లేపాక్షి. అక్కడి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. బెంగళూరుకు లేపాక్షి 120 కిలోమీటర్లే కాబట్టి ఎక్కువమంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. వాళ్లను ఒక రాత్రి ఆపగలిగితే ఈ మెట్ట నేలలో వేరుశనగ తప్ప వేరే రాబడి ఎరగని ఇంటికి అది పెద్ద ఆసరా.

లెక్క కోసం ఒక తోపు అనుకుందాం. మీకు మడకశిర పక్కన రెండెకరాల చింతతోపు ఉంది. చెట్ల కింద పది గుడారాలు వేశారు. గుడారానికి ఇద్దరు, రాత్రికి అద్దె 1,500. కేరళ 2021లో మొదలుపెట్టిన కారవాన్ పర్యాటకం లాంటిది ఇటూ వస్తే, ఇల్లులాంటి బండి ఒకటి రెండు నిలపడానికి గట్టు పక్కన చదునుచేసిన జాగా కూడా ఉంది. అతిథులు వచ్చేది వారాంతాల్లో. నెలకు ఎనిమిది రాత్రులు, అన్నీ నిండితే 160 తలలు. ఇవి నేను వేసుకున్న అంకెలు. మీ తోపుకు తగ్గట్టు మీరు మార్చుకోవచ్చు. మార్చినా లెక్క నడిచే దారి మారదు.

మొదటి లెక్క, తప్పు లెక్క

వంద ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ జియోలో నెలకు 699 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 825. ఈ ధర 2020 ఆగస్టు చివర్లో ప్రకటించినది. నెలకు 3,300 జీబీ వాడుకోవచ్చు. అంటే నిండా వాడితే జీబీకి పావలా.

ఫైబర్ తోపు దాకా వచ్చి ఆగుతుంది. అక్కడి నుంచి చెట్ల మధ్యకు తేవాలంటే వానకూ ఎండకూ నిలిచే బయటి వైఫై పెట్టెలు రెండు, ఒక రౌటరు, బ్యాటరీ, తీగ, రెండు స్తంభాలు కావాలి. అన్నిటికీ కలిపి ముప్పై వేలు పెట్టుకుందాం. మూడేళ్లు వస్తాయనుకుంటే నెలకు 833. ఇవన్నీ కలిపి 40 వాట్లు తాగుతాయి. నెలకు 29 యూనిట్లు, యూనిట్ పది రూపాయల చొప్పున 290 దాకా. ఏప్రిల్, మే నెలల్లో ఈ పీఠభూమి మీద ఉరుములు మెరుపులు వచ్చే తీరు తెలిసినవాళ్లు మరమ్మతుకు నెలకు 300 పక్కన పెట్టక తప్పదు. మొత్తం 2,250.

నూట అరవై తలలకు పంచితే తలకి 14 రూపాయలు. గుడారానికి 28. ఒక టీ, ఒక బన్ను ధర.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఈ పద్నాలుగు తప్పు. తోపులో పడుకునే కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఐదు నెలలే. మార్చి వచ్చేసరికి బండలు కాగి, రాత్రి పదింటికీ వేడి కక్కుతుంటాయి. జూన్ తర్వాత గాలి గుడారాన్ని నిలవనివ్వదు. ఫైబర్ కంపెనీ బిల్లు మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది, పెట్టెలు పన్నెండు నెలలూ పాతబడతాయి. ఏడాది ఖర్చు 27,000. ఏడాది మొత్తం మీద వచ్చే తలలు 800. ఇప్పుడు పంచితే తలకి 33 రూపాయల 75 పైసలు. ముప్పై నాలుగు అనుకుందాం. గుడారానికి 68.

వేసవిలో కనెక్షన్ ఆపేయొచ్చు కదా అంటారు. ఆపితే నెలకు 825 మిగులుతుంది, నిజమే. కానీ ఆ కనెక్షన్ మీదే మీ బుకింగులు వస్తాయి, మీ కెమెరాలు నడుస్తాయి, మీ యూపీఐ పెట్టె "డబ్బులు అందాయి" అని అరుస్తుంది. కాబట్టి 27,000లో కొంత అతిథిది, కొంత మీదే. ఎంత మీదో ఎవరికి వారు తేల్చుకోవాలి. నేను మొత్తం అతిథి మీదే వేసి చూస్తున్నాను, ఎందుకంటే అంత కష్టమైన లెక్కలో కూడా అది గుడారం అద్దెలో ఇరవై రెండో వంతు మాత్రమే.

విడిగా అమ్మితే ఏమవుతుంది

ఇప్పుడు రెండో దారి చూద్దాం. అద్దె వేరు, వైఫై వేరు. కావలసినవాళ్లు కొనుక్కుంటారు.

అందరూ కొనరు. ప్రతివాడి జేబులో సిమ్ ఉంది. ఐదుగురిలో ఒకరు కొంటారనుకుందాం, అంటే ఏడాదికి 160 మంది. 27,000ను 160తో భాగిస్తే 169 రూపాయలు. ఖర్చు రాబట్టుకోవాలంటే రాత్రికి ఒక్కొక్కరి దగ్గర అంత తీసుకోవాలి. 2024 జూలై 3న ధరలు పెరిగాక జియోలో అదనపు ఒక జీబీ 15 నుంచి 19 రూపాయలకు, రెండు జీబీ 25 నుంచి 29కి చేరింది. పెరిగిన తర్వాతి ధర ఇది. 29 రూపాయలకు రెండు జీబీ ఫోనులోనే దొరుకుతుంటే, 169 పెట్టి మీ వైఫై ఎవరు కొంటారు? ధర తగ్గించి 30కి అమ్మితే ఏడాదికి వచ్చేది 4,800. ఇరవై రెండు వేలు గుంతలోనే ఉంటాయి. పైగా చీటీలు రాయడం, పాస్‌వర్డ్ పనిచేయలేదని రాత్రి పదకొండింటికి లేపితే లేవడం.

పదేళ్ల కింద ఈ లెక్క తలకిందులుగా ఉండేది. 2016లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ బహిరంగ వైఫై మీద చర్చాపత్రం వేసినప్పుడు, మొబైల్ డేటాకు జనం ఎంబీకి 23 పైసల దాకా కడుతున్నారనీ, వైఫైలో అయితే 2 పైసల లోపే ఇవ్వొచ్చనీ లెక్క చూపించింది. జీబీలోకి మారిస్తే 235 రూపాయలకు ఎదురుగా 20 రూపాయలు. అంత తేడా ఉంటే ఎవరైనా వైఫై కొంటారు. అదే ఏడాది సెప్టెంబరు 5న జియో వచ్చింది. మొబైల్ డేటా ధర పడిపోయి, ఆనాడు వైఫైకి చవక అనుకున్న 20 రూపాయల గీత దగ్గరికే చేరింది. అతిథి జేబులోని సిమ్మే మీ వైఫైకి పై హద్దు గీసేసింది. ఆ హద్దు 19 రూపాయల దగ్గర ఉంది, మీ ఖర్చు 34 దగ్గర ఉంది. విడిగా అమ్మే దారి అక్కడే మూసుకుపోయింది.

మరి ఊరికే ఇవ్వాలా? ఊరికే కాదు, కొసరుగా. సంతలో కూరగాయలు కొన్నవాళ్లకు గుప్పెడు కరివేపాకు వేసి పంపినట్టు. కరివేపాకు కూడా ఎవరో ఒకరు పెంచిందే, దాని ఖర్చు వంకాయల ధరలో ఎక్కడో ఉంటుంది. కొసరు వేసిన అంగడికి మనిషి మళ్లీ వస్తాడు. గుడారం అద్దె 1,500 నుంచి 1,570 చేసి, "వైఫై అద్దెలోనే" అని రాసి పెట్టండి. డబ్బు మీకు పూర్తిగా వస్తుంది. అడిగేవాళ్లకు అడిగే అవసరం పోతుంది.

పన్ను వైపు నుంచి చూసినా ఇదే తేలిక. వసతి మీద జీఎస్టీ వేసే ఉత్తర్వులో హోటలు, సత్రం వరసలో క్యాంప్‌సైట్ అన్న మాట కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న వసతికి పన్ను 5 శాతం. అద్దెలో కలిసిన వైఫైకి అద్దె పన్నే వర్తిస్తుంది. విడిగా బిల్లు చేస్తే 18 శాతం. ఏడాదికి ఇరవై లక్షల రాబడి లోపు ఉన్న చిన్న తోపులకు ఈ గొడవే లేదు.

నీరుగంటి పని

అసలు విషయం ఇది. ఇంటర్నెట్‌ను జీబీల్లో కొలవడం మనకు ఫోను కంపెనీలు నేర్పిన అలవాటు. తోపు యజమానికి జీబీల కరువు ఎప్పుడూ రాదు. ఇరవై మంది, తలకి రాత్రికి రెండు జీబీలు, ఎనిమిది రాత్రులు: 320 జీబీ. మీ దగ్గర ఉన్నది 3,300. పదో వంతు కూడా కరగదు.

కరువొచ్చేది రాత్రి ఎనిమిది నుంచి పది దాకా, రెండు గంటలు. అప్పుడు అందరూ అన్నం తిని గుడారాల్లోకి చేరి ఒకేసారి ఫోన్లు తెరుస్తారు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం మామూలు హెచ్‌డీ బొమ్మకు 3 ఎంబీపీఎస్, ఇంకా నాణ్యమైన దానికి 5, 4కే బొమ్మకు 15 కావాలి. ఇరవైలో పన్నెండు మంది హెచ్‌డీ చూస్తే 36 సరిపోతుంది. వంద ఎంబీపీఎస్‌లో ఇంకా అరవైకి పైగా మిగులుతుంది. అదే ఒకాయన ఆఫీసు ఫైళ్లు ఎక్కించడం మొదలుపెట్టి, ఇద్దరు 4కే సినిమాలు పెట్టి, ఇంకొకరి ఫోను రాత్రి తనంతట తాను నాలుగు జీబీల అప్‌డేట్ దించుకుంటే చివరి గుడారంలో వాట్సాప్ కాల్ తెగిపోతుంది. తెగినవాళ్లు రేటింగులో రాసే మాట మీకు తెలుసు.

దీనికి ధర పెంచితే మందు దొరకదు. ఈ పాఠం మన చెరువుల దగ్గర ఎప్పుడో నేర్చుకున్నాం. చెరువులో నీళ్లు ఎన్ని ఉన్నాయన్నదానికంటే తూము దగ్గర ఎవరి వంతు ఎప్పుడన్నది ముఖ్యం. అందుకే రాయలసీమ ఊళ్లలో నీరుగంటి ఉండేవాడు. పైమడి వాడు ఎంత పెద్ద రైతైనా, నీరుగంటి మడవ కట్టేస్తే వంతు ముగిసినట్టే. చివరిమడికి నీళ్లు పారడం అతని పని. రౌటరులో ఒక్కో ఫోనుకు 5 ఎంబీపీఎస్ అని హద్దు పెడితే అది మీ నీరుగంటి. ఐదు చొప్పున ఇరవై మందికి ఇచ్చినా వంద దాటదు. హెచ్‌డీ అందరికీ వస్తుంది, 4కే ఎవరికీ రాదు. చింతచెట్టు కింద 4కే బొమ్మ లేదని బాధపడేవాళ్లు ఉంటారని నేను అనుకోను. మామూలు ధరలో దొరికే రౌటర్లలో చాలావాటికి ఈ అమరిక ఉంటుంది. పెట్టినవాళ్లు ఎక్కడా పెద్దగా కనిపించరు. ముప్పై వేలు సామానుకు పెట్టి, పది నిమిషాల అమరిక చేయక, నెట్ బాగాలేదని ఇంకో పెద్ద ప్లాన్‌కు మారే లాడ్జీలను నేను చూశాను.

వంద ఎంబీపీఎస్‌ను ఆపకుండా నిండా పారిస్తే గంటకు 45 జీబీ. 3,300 జీబీ అయిపోవడానికి 73 గంటలు పడుతుంది. రాత్రికి రెండు గంటల రద్దీ, ఎనిమిది రాత్రులు అంటే పదహారు గంటలే. మిగతా నెలంతా ఆ తీగ ఖాళీగా పడి ఉంటుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

సిగ్నల్ లేని మూల

ఒక అభ్యంతరం ఉంది. సిమ్ పనిచేసే చోటయితే 19 రూపాయల హద్దు సరే, పనిచేయని చోట? ఈ వైపు గుట్టల చాటున అలాంటి మూలలు ఉన్నాయి. ఒక గట్టు మీద ఆంధ్ర టవరు, ఇంకో గట్టు మీద కర్ణాటక టవరు, మధ్యలో ఏదీ లేదు. అక్కడ తోపు ఉంటే పై హద్దు మాయమవుతుంది. రాత్రికి రెండు వందలు అడిగినా కట్టేవాళ్లు కడతారు.

కడతారు, నిజమే. ఒకసారి ఒక కొండ మీది బసలో నేనూ కట్టాను. ఇంట్లో పెద్దావిడకు ఒంట్లో బాగాలేదు, ఆ రాత్రి ఫోను చేయాలి. గంటకు వంద అన్నారు, ఇచ్చాను. ఆ వంద నాకు పెద్ద లెక్క కాదు, కానీ నా అవసరాన్ని చూసి పెట్టిన ధర అని తెలిశాక మళ్లీ ఆ గడప తొక్కలేదు. సిగ్నల్ లేని చోట వైఫై మంచినీళ్లతో సమానం. అద్దెలో ఎంతైనా కలుపుకోండి. అర్ధరాత్రి అక్కర మీద ధర వేయొద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఆ మూలల్లో ఇంకో చిక్కు ఉంది, అనుభవం లేనివాళ్లకు ముందుగా తట్టదు. వైఫైలోకి రావాలంటే ఫోనుకు ఓటీపీ పంపే ఏర్పాటు పెడతారు. సిగ్నల్ లేకపోతే ఓటీపీ ఎలా వస్తుంది? నెట్ కోసం సిగ్నల్, సిగ్నల్ లేదనే కదా నెట్. విదేశీ అతిథికి మన నంబరే ఉండదు. టెలికాం శాఖ 2009 ఫిబ్రవరిలో ఇచ్చిన ఆదేశాల్లో రెండు దారులు చెప్పింది: ఎస్సెమ్మెస్‌తో పాస్‌వర్డ్ పంపి ఆ నంబరును ఏడాది దాచడం, లేదా ఫొటో గుర్తింపు కార్డు నకలు తీసుకుని ఏడాది దాచడం. బస చేసే అతిథి దగ్గర కార్డు నకలు ఎలాగూ తీసుకుంటారు. కాబట్టి రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, అంకెలున్న చీటీ చేతికిస్తే సరిపోతుంది. ఒక్కో గుడారానికి ఒక్కో చీటీ. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ గోడ మీద అంటించడం మాత్రం వద్దు. ఎవరు ఏం చేశారో తేల్చాల్సిన రోజు వస్తే గోడ సాక్ష్యం చెప్పదు.

అమెరికా తోపులు

ఈ వ్యాపారం ముదిరింది అమెరికాలో. డల్లస్ నుంచో అట్లాంటా నుంచో మనవాళ్లు వేసవిలో మోటారు ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లలతో, పచ్చడి జాడీలతో ఎల్లోస్టోన్ దాకా పోయి వస్తుంటారు. ఆర్వీ అని పిలిచే ఆ బళ్లను రాత్రి నిలిపేది ఆర్వీ పార్కుల్లో. వాటిలో పెద్ద గొలుసు కేఓఏ. 1962లో మోంటానా రాష్ట్రం బిల్లింగ్స్‌లో, సియాటిల్ ప్రపంచ ప్రదర్శనకు పోయే బళ్లను చూసి నది ఒడ్డున మొదలైంది. రాత్రికి డాలరు ముప్పావలా. ఆ ధరలోనే వేడినీళ్ల స్నానం, మరుగుదొడ్డి, బల్ల, నెగడు. వేడినీళ్లకు వేరే మీటరు పెట్టకపోవడం వల్లే కుటుంబాలు వెతుక్కుంటూ వచ్చాయని నా నమ్మకం. వైఫై దగ్గర అక్కడి పార్కులు రకరకాల దారులు తొక్కాయి. చాలాచోట్ల చివరికి ఒక మామూలు వేగం అద్దెలోనే, ఎక్కువ వేగం కావాలంటే అదనం అనే పద్ధతి నిలిచింది. 2022 మేలో ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఆర్వీల కోసం నెలకు 135 డాలర్ల ప్లాన్ తెచ్చింది. బండి పైకప్పు మీద పళ్లెం పెట్టుకుని వచ్చే అతిథికి పార్కు వైఫైతో పనే లేదు. మన దగ్గర సిమ్ చేసిన పనే అక్కడ పళ్లెం చేసింది.

ఒక్క తేడా మాత్రం పట్టుకోవాలి. అక్కడ ఒక రాత్రి ఉండేవాళ్లు వేరు, నెలల తరబడి బండి నిలిపి కాపురం ఉండేవాళ్లు వేరు. నెలవాసికి వైఫై కొసరు కాదు, ఇంటి సామాను. మన జిల్లాలోనూ అలాంటివాళ్లు ఉన్నారు. పుట్టపర్తికి వచ్చి వారాలు, నెలలు ఉండే భక్తులు, అందులో విదేశీయులూ. అలాంటి అతిథికి గది ఇచ్చే ఇంటివాళ్లు నెలకు ఒక ధర చెప్పడమే న్యాయం. ఇంట్లో ఒక ఫైబర్ కనెక్షన్‌ను మూడు గదులు పంచుకుంటే గదికి 275 పడుతుంది. మూడు వందలు తీసుకుంటే ఎవరికీ బరువు కాదు.

ఖాళీ తీగ

ఇక ఆ ఖాళీ సంగతి. నెలలో ఇరవై రెండు రాత్రులు తోపులో మనిషి లేడు. ఏడాదిలో ఏడు నెలలు అసలే లేడు. తీగ మాత్రం ఉంది. తోపు పక్కన ఊరుంది. ఊళ్లో పరీక్షలకు చదివే పిల్లలున్నారు, ఒక ఫోను ఇద్దరు పంచుకునే ఇళ్లున్నాయి. పట్టుపురుగులు పెంచే రైతులు హిందూపురం గూళ్ల ధర చూసుకోవాలి.

ఇంటి ప్లాన్ తీసుకుని ఊరికి అమ్మితే కంపెనీ షరతులు ఒప్పుకోవు. దానికి చట్టం ప్రకారం ఉన్న దారి పీఎం–వాణి. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకం ఇది. టీ కొట్టువాడైనా, కిరాణా అంగడైనా, మీ తోపైనా పబ్లిక్ డేటా ఆఫీసు కావచ్చు. ఒకప్పుడు ఊరూరా వెలిసిన పసుపు రంగు ఎస్టీడీ బూత్ లాగా. లైసెన్సు అక్కర్లేదు, ఫీజు లేదు, రిజిస్ట్రేషన్ కూడా లేదు. ఖాతాలు, చెల్లింపులు చూసుకునే అగ్రిగేటర్ కంపెనీ ఒకటి పైన ఉంటుంది, దానితో ఒప్పందం చేసుకుంటే చాలు.

ఇంత సులువైతే ఊరూరా ఎందుకు రాలేదు? 2018 జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2022 నాటికి కోటి బహిరంగ హాట్‌స్పాట్లు అని రాసుకుంది. 2025 మధ్యకు పీఎం–వాణి కింద ఉన్నవి ఆ కోటి దరిదాపుల్లో కూడా లేవు. ముఖ్య కారణం టోకు ధర. చిన్న అంగళ్లకు ఇంటి ఫైబర్ ఇవ్వం, లీజుకిచ్చే ప్రత్యేక తీగే తీసుకోవాలని కంపెనీలు పట్టుబట్టాయి. వంద ఎంబీపీఎస్ లీజు తీగ ధర ఇంటి ఫైబర్ కంటే 40 నుంచి 80 రెట్లని ట్రాయే తేల్చింది. షాంపూను రూపాయి ప్యాకెట్లలో అమ్మమని చెప్పి, డ్రమ్ము ధరను మాత్రం ఎనభై రెట్లు చేసినట్టయింది. చివరికి 2025 జూన్ 16న ట్రాయ్ హద్దు గీసింది. 200 ఎంబీపీఎస్ దాకా ఇంటి ఫైబర్ ప్లాన్లన్నీ ఈ చిన్న అంగళ్లకూ ఇవ్వాలి, ధర ఇంటి ధరకు రెండింతలు దాటకూడదు. అంతకుముందు ఏడాది ఆగస్టులో ఇంటి ధరకే ఇవ్వాలని ముసాయిదా వేసింది. అది నిలిచి ఉంటే ఇంకా బాగుండేదని నా అభిప్రాయం. ఎనభై రెట్ల నుంచి రెండు రెట్లకు దిగడం కూడా తక్కువేమీ కాదు.

రెండింతలంటే మన తోపుకు ఫైబర్ 825 నుంచి 1,650 దాకా అవుతుంది. నెలకు అదనంగా 825. ఊరికి ఎంతకు అమ్మాలి? దీనికి కొలబద్ద రైల్వే దగ్గర ఉంది. రైల్‌టెల్ 2021 మార్చి 4న స్టేషన్ల వైఫైకి ధరల పట్టిక పెట్టింది. మొదటి అరగంట ఒక ఎంబీపీఎస్ వేగంతో ఉచితం. ఆపైన రోజుకు పది రూపాయలకు 5 జీబీ. ఐదు రోజులకు ఇరవై రూపాయలకు 10 జీబీ. నెలకు డెబ్బైకి 60 జీబీ. వేగం 34 ఎంబీపీఎస్ దాకా, పన్ను అదనం. మడకశిరకు రైలు ఇంకా రాలేదు. రాయదుర్గం–తుమకూరు మార్గం ఈ ఊరి మీదుగానే వేస్తున్నారు. ఆ పది రూపాయల ధరను మాత్రం రైలు కంటే ముందే తెచ్చుకోవచ్చు.

చీటీ పది రూపాయలు, 5 జీబీ, ఒక రోజు. పన్ను, అగ్రిగేటర్ వాటా, చెల్లింపు ఖర్చు పోగా మీకు ఆరు మిగులుతుందని పెట్టుకుందాం. నెలకు అదనంగా పడే 825 రావాలంటే 138 చీటీలు. రోజుకు ఐదు కూడా కాదు. తోపు ఖర్చు మొత్తం ఊరి మీదే రాబట్టుకోవాలంటే రోజుకు పదిహేడు చీటీలు అమ్మాలి. తోపు గేటు దగ్గర అది కుదరదు, మడకశిర బస్టాండు దగ్గరి అంగడికైతే కుదురుతుంది. కాబట్టి తోపు యజమాని ఆశ పడాల్సింది పదిహేడు మీద కాదు, ఐదు మీద. అతిథి తన వాటా అద్దెలో కట్టేశాడు. ఊరు తన వల్ల పెరిగిన ఖర్చు మాత్రం భరిస్తే చాలు.

వైఫై పెట్టె నుంచి వంద మీటర్లు దాటితే సిగ్నల్ పలచబడుతుంది. ఊరు కిలోమీటరు అవతల ఉంటే తీగ లాగనక్కర లేదు. ఎదురెదురుగా కనిపించే రెండు ఎత్తైన చోట్ల చిన్న పళ్లేలు పెడితే 5 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నెట్ పారుతుంది. ఆ తరంగాలకు 2018 అక్టోబరు నుంచి లైసెన్సు అక్కర్లేదు. చెట్టు చేమ తక్కువైన ఈ బోడిగుట్టల నేల మీద చూపుకు అడ్డే ఉండదు. మామూలుగా మనం కరువు గుర్తుగా చూసే ఆ గుట్టలే ఇక్కడ పనికొస్తాయి.

వారాంతం సాయంత్రం ఎనిమిదింటికి తోపు నిండినప్పుడు ఊరి వంతుకు 30 ఎంబీపీఎస్, తోపు వంతుకు 70 అని రౌటరులో రాసి పెట్టండి. అప్పుడు గుడారాల్లో తలకు మూడున్నర వస్తుంది, హెచ్‌డీకి అది చాలు. సోమవారం పొద్దున గుడారాలు ఖాళీ అయ్యాక మడవ తిప్పి వందా ఊరికి వదలండి. బడి పిల్లలకు మొదటి అరగంట ఉచితం పెడితే మీ జేబు నుంచి అదనంగా పోయేదేమీ ఉండదు, ఆ వేళ తీగ ఎలాగూ ఖాళీయే. గేటు దగ్గర పలక ఒకటి చాలు, తెలుగులో ఒక వరస, కన్నడలో ఒక వరస: గుడారం 1,570, వైఫై అందులోనే. ఊరివాళ్లకు చీటీ పది రూపాయలు.